వాద్యమును అంగడిలో కొనుట మేలా?

విజయదశమి సమీపించుచున్నదనగా ప్రతియేటను నాలుగైదు కుటుంబములవారు మా యింటికి వచ్చి ఒక్కటే ప్రశ్న వేయుదురు: "పిల్లకు సంగీతము ప్రారంభింపదలచినాము. వాద్యము నెక్కడ కొనవలయును?" నా చిన్నతనమున ఈ ప్రశ్న పుట్టెడిది కాదు. వీణ కావలసినవారు బొబ్బిలికో నూజివీటికో పోయెడివారు. తక్కిన వాద్యములకు పట్టణమున ఒక్కటే యంగడి యుండెడిది. నేడు చేతిలోని ఫోనుమీద ఒక బొమ్మను తాకినచో నాలుగవనాటికి వయొలిను గుమ్మములో దిగుచున్నది. ఇట్టి కాలమున వీధిలోని యంగడికి పోవుట దేనికను సందేహము కలుగుట సహజమే. చిరకాలముగా వీణ చెప్పుచు, శిష్యుల వెంట అంగళ్లకు తిరిగినవాడను గనుక, అక్కడ నేను చూచిన మంచిచెడ్డలను శ్రోతలకు విన్నవించెదను.

మొదట తెలిసికొనదగిన విషయ మొకటి కలదు. అంగడివాడు వేఱు, పనివాడు వేఱు. బట్టల దుకాణమువాడు నేతగాడు కానట్లే, వాద్యముల యంగడివాడు వాద్యములను చేయువాడు కాడు. నేటి యంగడిలో సగమునకు పైగా గిటారులును, కీబోర్డులును నిండియుండును. వానిని కొనువా రెక్కువ. వీణ ఒక మూలను ముసుగు కప్పుకొని యుండును. అద్దాల బీరువాలో కనబడు చిన్న చిన్న వీణలను చూచి మురియరాదు. అవి సన్మానసభలలో ఇచ్చు బహుమతి వీణలు. వానిని మీటుట కొఱకు చేయలేదు. అంగడివానికి గిటారును గూర్చి తెలిసినంత వీణను గూర్చి తెలియకపోవుట వాని తప్పు కాదు. కాని కొనువారు ఆ సంగతి నెఱుగక, వాడు చెప్పిన ప్రతిమాటయు శాస్త్రమని నమ్మి మోసపోవుదురు. మోసగించినవా డెవడును లేకయే మోసము జరుగును.

ఇందుకు నా కంటియెదుట జరిగిన యుదాహరణము చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట పండ్రెండేండ్ల బాలిక యొకతె నాయొద్ద వీణ ప్రారంభించెను. మూడునెలలు మా యింటి వీణమీదనే నేర్చుకొనెను. స్వరజ్ఞానము చక్కనిది. అంతట తండ్రి ముచ్చటపడి, నాకు చెప్పకయే, మా పట్టణములోని యొక యంగడిలో వీణను కొనితెచ్చెను. యాళిముఖమున రంగులు, కుండమీద తెల్లని చెక్కడపు పని, చూచుట కది యొక పెండ్లికూతురు. ఆ దినము మొదలు ఆ పిల్ల పాఠము చెడినది. ఇంట సాధనచేసి వచ్చి మా వీణమీద వాయించినప్పుడు పైస్థాయి స్వరములను అవసరము లేకున్నను తంత్రిని లాగి హెచ్చించుచుండెను. నేను దిద్దుదును. మరునాడు మరల అదియే. "చెవి పెట్టి వినవమ్మా" అని కొన్నిసార్లు విసుగుకొంటిని కూడ. ఆఱునెలలైన పిమ్మట ఒకనాడు ఆ బాలిక కన్నుల నీరు పెట్టుకొని, "నాకు చెవి లేదేమో తాతగారూ, మానివేసెదను" అనినది. ఆ సాయంకాలము వారి యింటికి పోయి ఆ వీణను ఒడిలో పెట్టుకొని మీటితిని. తప్పు పిల్ల చెవిలో లేదు. పండ్రెండవ మెట్టు మొదలుకొని పైమెట్లన్నియు తగ్గి పలుకుచున్నవి. పిల్ల చెవి మంచిదగుటచేతనే, ఆ తక్కువను సహింపలేక, ప్రతిస్వరమును లాగి సరిచేయుచుండెను. ఆ యలవాటే మా వీణమీద దోషమై కనబడినది. మంచి చెవిని చెడ్డ చెవియని ఆఱునెలలు మందలించిన పాపము నాది.

ఈ మెట్ల సంగతి కొంచెము వివరింపవలసియున్నది. వీణకు ఏడు తంత్రులు. నాలుగు మెట్లమీదుగా పోవును, మూడు తాళమునకై ప్రక్కన నుండును. మెట్లు ఇరువదినాలుగు, అనగా రెండు స్థాయిలు. ఇరువదినాలుగు మెట్లను స్థిరముగా నిలిపిన ఈ వీణ 17వ శతాబ్దమున తంజావూరు రఘునాథనాయకుని కాలమున రూపొందినదని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. గిటారు మెట్లవలె ఇవి కఱ్ఱలో గాడికొట్టి దిగవేసినవి కావు. దండిమీద ఇరుప్రక్కల నల్లని మైనపు కట్టలు కట్టి, వానిపై లోహపు మెట్లను ఒక్కొక్కదానిని చెవితో విని నిలుపుదురు. దీనినే మేళము కట్టుట యందురు. మైనము ఎండకు మెత్తబడును. వేసవిలో లారీ ఎక్కి వచ్చిన వీణకు, ఎండ పడు కిటికీచెంత నెలల తరబడి నిలిచిన వీణకు, మెట్లు కదలుట వింత కాదు. కాబట్టి క్రొత్త వీణయైనను మేళము చెడియుండవచ్చును. అది కఱ్ఱలోని దోషము కాదు. సరిచేయదగిన దోషమే. కాని సరిచేయవలెనని ఎఱిగినవా డుండవలయును.

పరీక్ష సులభము. పండ్రెండవ మెట్టు తంత్రి నిడివిలో సుమారు సగమున నుండును. ఆ మెట్టుపైన తంత్రిని నొక్కక, వ్రేలిని కేవలము తాకించి మీటి వెంటనే వ్రేలు తీయవలయును. గంట మ్రోగినట్లు పైషడ్జము సన్నగా వినవచ్చును. తరువాత అదే మెట్టున నొక్కి మీటవలయును. రెండును ఒక్కటిగా పలుకవలయును. పలుకనిచో మేళము కదలినదనియో, గుఱ్ఱము తన చోట లేదనియో యెఱుగవలెను. దీనికి పాండిత్య మక్కఱలేదు. పాటలు వినుట అలవాటైన యే గృహిణియైనను చేయగలదు. ఆ బాలిక తండ్రి అంగడిలో ఈ రెండు మీటులు మీటి చూచియుండినచో ఆఱునెలల దుఃఖము తప్పియుండెడిది.

ఇంతవరకు చెప్పినది అంగడికి ప్రతికూలముగా కనబడుచున్నది. తరువాత జరిగినది వినుడు. మరునాడే మేము ఆ వీణను రిక్షాలో పెట్టుకొని పోయి అంగడివాని బల్లమీద దింపితిమి. మొదట వాడు, "ఆఱు నెలలైనదే మేష్టరుగారూ, ఇప్పుడు నేనేమి చేయగలను?" అనెను. నేను పండ్రెండవ మెట్టును రెండువిధముల మీటి వినిపించితిని. ఇంకను నలుగురు గిరాకీలు నిలువబడి వినుచుండిరి. వాని ముఖము చిన్నబోయినది. "ఇది నాకు తెలియదు, నిజము" అని ఒప్పుకొని, గొల్లపల్లి పనివానికి ఫోను చేసెను. రెండుదినముల తరువాత ఆ పనివాడు మైనమును, చిన్న కుంపటిని సంచిలో పెట్టుకొని బస్సు దిగి వచ్చి, అంగడి వసారాలో కూర్చుండి, పాతమైనమును తీసివేసి, ఒక పగలంతయు మేళము కట్టెను. బాలిక బడి మాని ప్రక్కనే కూర్చుండి ప్రతి మెట్టును వినినది. "ఈ మెట్టు చాలునా పాపా?" అని పనివాడు అడుగును. "ఇంకొక్క చిటికె పైకి" అని యామె చెప్పును. ఖర్చు అంగడివాడే భరించెను.

అంగడియొక్క అసలు లాభ మిదియే యని నా యభిప్రాయము. దానికొక గడప గలదు. చెడిన వస్తువును తీసికొనిపోయి దింపుటకు ఒక బల్ల గలదు. నలుగురి యెదుట మాట చెల్లించుకొనవలసిన మనుష్యుడు గలడు. ఫోనులో కొన్న వస్తువును తిరిగి పంపవచ్చును గదా యనవచ్చును. పంపవచ్చును, గడువులోపల. క్రొత్తగా నేర్చు పిల్లకు వాద్యములోని దోషము గడువులోపల తెలియదు. తెలియునంతటి జ్ఞానమే యున్నచో ఆ పిల్లకు గురువుతో పనియేమి?

వయొలిను విషయమున ఈ సంగతి మఱింత స్పష్టము. ఇది పాశ్చాత్యదేశమునుండి వచ్చిన వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీనిని కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టినవారిలో ముఖ్యుడు. తెలుగుదేశమున దీనికి వచ్చిన కీర్తిని వేఱుగ చెప్పనేల? 1919లో విజయనగరమున నెలకొల్పబడిన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఈ వాద్యమునే బోధించిరి. అయినను కార్ఖానాలో చేయువారు నేటికిని దీనిని పాశ్చాత్యుల శ్రుతికే సిద్ధపఱచుదురు. వారి నాలుగు తంత్రులు నాలుగు వేఱువేఱు స్వరములు. మనవి షడ్జ పంచమ షడ్జ పంచమములు. పెట్టెలో తపాలాకు వచ్చిన వయొలినుకు గుఱ్ఱము పడుకొనబెట్టి యుండును. దానిని నిలువబెట్టుట, ఎత్తు తగ్గించుట, తంత్రులను మన శ్రుతికి మార్చుట కొన్నవాని పాలబడును. లోపల పైపలకకును అడుగుపలకకును నడుమ ఒక చిన్న కఱ్ఱ నిలిపియుండును. అదికాని దారిలో పడిపోయినచో ధ్వని పీలగా పోవుటయే గాక, తంత్రులను బిగించినప్పుడు పైపలకకు హాని కలుగును. గుఱ్ఱము ఎత్తుగా నున్నచో తంత్రిని నొక్కలేక పిల్ల వ్రేళ్లు కందిపోవును. తల్లి ఆ వ్రేళ్లను చూచి, "ఇది మనకు వద్దు" అనును. అంగడిలోనైన దీనిని నిలబెట్టించుకొని, తంత్రులు బిగించి, వాయించి చూచి తెచ్చుకొనవచ్చును.

పిల్లల వయొలినులు పావు, సగము, ముప్పాతిక అను కొలతలలో దొరకును. చేయి చాచి పట్టుకొని చూడనిదే కొలత తెలియదు. పిల్ల ఎదుగును గదా యని పెద్ద చొక్కా కుట్టించినట్లు పెద్ద వయొలినును కొను తండ్రులను చూచితిని. చొక్కా వదులైనచో నష్టము లేదు. వయొలిను పెద్దదైనచో మెడయు భుజమును వంకరపోవును. ఇచ్చట అంగడివానికిని ఒక దోషము కలదు. సగము కొలత తనయొద్ద లేనప్పుడు, ముప్పాతికదే చాలునని నచ్చజెప్పును. ఉన్నదానిని అమ్ముట వాని వృత్తిధర్మము. లేనిదానికై పదిదినములు వేచియుండుట కొనువాని ధర్మము. అంగడిలో మఱియొక చిక్కు మొగమాటము. రెండుగంటలు కూర్చుండి, టీ త్రాగి, పది వాద్యములను దింపించి, వట్టిచేతులతో లేచి వచ్చుటకు మనవారికి మనసొప్పదు. అంగడివా డది యెఱుగును. టీ త్రాగుడు, కాని ముందుగనే "ఈ దినము చూచుటకు మాత్రమే వచ్చితిమి" అని చెప్పి త్రాగుడు.

మృదంగమును చూడకుండ కొనుట నా దృష్టిలో సాహసమే. ప్రతి మృదంగమునకును కుడివైపున పలుకు శ్రుతికి ఒక హద్దు కలదు. ఒకటి శ్రుతిలో పాడు పురుషునకు వాయించు మృదంగము ఐదు శ్రుతిలో పాడు స్త్రీకి పనికిరాదు. ఆ హద్దు దాటి బిగించినచో చర్మము చిరుగును. పైగా చర్మము శాశ్వతమైనది కాదు. వాయించినకొలది కుడిప్రక్క నల్లనిపూత రాలును, వార్లు సాగును. చర్మము మార్చు పనివాడు ఎచ్చట నున్నాడో తెలిసికొనిన పిమ్మటనే మృదంగమును కొనవలెను. ఆ పనివాని జాడ తెలిసినది సాధారణముగా అంగడివానికే. ఈ ప్రాంతములలో అట్టి పనివారు నానాటికి తక్కువగుచున్నారు. వారికి పనులను చేర్చు అంగళ్లును మూతబడినచో, ఇంటిలోని మృదంగము మూలబడి యుండవలసినదే.

హార్మోనియమును గూర్చి రెండుమాటలు. ఈ ప్రసంగము వెలువడుచున్న ఆకాశవాణియే 1940లో దానిని నిషేధించి, 1971లో కొంత సడలించినది. వేదికలమీద, భజనమందిరములలో, నాటకసమాజములలో ఆ నిషేధమును పాటించినవారు లేరు. తిత్తిని నిండించి, చేయి తీసివేసి, ఏ మెట్టును నొక్కకుండ కొంచెముసేపు చూడుడు. గాలి వెంటనే దిగిపోయినచో లోపల ఎచ్చటనో కారుచున్నది. తరువాత ఒక్కొక్క మెట్టును వినుడు. ఇంతకు మించి పరీక్ష లేదు. కాని ఈ పరీక్షను ఫోనులోని బొమ్మమీద చేయుట యెట్లు?

అంగడి మానుకొని నేరుగా చేయువానియొద్దకే పోరాదా? వీణకైనచో తప్పక పోదగును. దీనిలో నాకు సందేహము లేదు. బొబ్బిలిచెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివంశీయులు తరతరములుగా పనసకఱ్ఱతో వీణలు చేయుచున్నారు. కుండ, దండి, శిరస్సు అన్నియు ఒకే దుంగలో తొలిచిన వీణను ఏకాండి వీణ యందురు. అతుకుల వీణకును దానికిని గల భేదమును వారి యింటి అరుగుమీద కూర్చుండి చూచినంత స్పష్టముగా మఱెచ్చటను చూడలేము. ఆఱిన కఱ్ఱ యేదో, పచ్చికఱ్ఱ యేదో చూపింతురు. మీ చేతి పొడవునకు, మీ శ్రుతికి తగినట్లు తంత్రులను, మేళమును అమర్చి యిత్తురు. అంగడివాని లాభము మీకు మిగులును. ఆ మిగులు పనివానికే కొంత యిచ్చినను తప్పు లేదు. కాని అచ్చట సిద్ధముగా నున్న పెద్ద వీణలు ఏ దినమున నెన్ని యుండునో చెప్పలేము. చేయించినచో నెలలు పట్టవచ్చును. మొదటిసారి కొనువాడు మంచిచెడ్డలు తెలియక పనివాని మాటమీదనే ఆధారపడవలెను. గురువును వెంటబెట్టుకొని పోవుట మంచిది. గురువులకు ప్రయాణపు ఖర్చు లిచ్చుట మఱవకుడు. ఇది స్వార్థముతో చెప్పిన మాటయే.

అమెరికాలోను ఆస్ట్రేలియాలోను నున్న మన తెలుగు పిల్లలకు ఈ ఎంపికయే లేదు. వారు సెలవులకు వచ్చినప్పుడు పది పండ్రెండు దినములలో వీణను కొని విమానమెక్కించుకొని పోవలెను. అట్టివారికి అంగడివాడు పెద్ద దిక్కు. వెంటనే చూపగలడు, గట్టిపెట్టె నీయగలడు. కాని తేమగల మన తీరప్రాంతమున చేసిన కఱ్ఱ, చలికాలమున వెచ్చబఱచిన యిండ్ల పొడిగాలికి బీట వాఱును. వీణనుంచిన గదిలో కొంత తేమ నిలుచునట్లు చూడవలయును. మేళము కదలినచో అచ్చట పనివాడు సులభముగా దొరకడు. కాబట్టి కొనునప్పుడే మెట్లు కట్టు విధమును కన్నులార చూచి, కొంచెము మైనమును తీసికొని పోవుట యుచితము.

తంత్రులు, వయొలిను కమానుకు రాచు బంక, శ్రుతిపెట్టె మొదలగువానిని ఫోనులో తెప్పించుకొనినను నష్టము లేదని యొకప్పుడు నేనును చెప్పెడివాడను. అవి యెచ్చట కొన్నను ఒక్కటే, ధరయు కొంత తక్కువ. ఇప్పు డట్లు చెప్పను. అంగడివానికి వీణ యేడాదికి ఒకటి రెండు అమ్మును. దినదినము దీపము వెలిగించునది ఆ చిల్లర బేరమే. ఫోనులో బేరమాడి కొని, తంత్రి తెగినప్పుడు మాత్రము, "ఇది కొంచెము బిగించి పెట్టవయ్యా" అని అంగడికి పోవువారిని నేనెఱుగుదును. అంగడివాడు బిగించి యిచ్చును. అట్లు యెన్నాళ్లు ఇచ్చునో చెప్పలేను. నాకు చిన్నప్పుడు వీణ తంత్రులమ్మిన యంగడి నేడు లేదు. అచ్చట ఫోనుల దుకాణము వెలసినది.

అంగడికి పోవువారు ఉదయము తలుపులు తెఱచిన వెంటనే పోవుట మంచిది. మధ్యాహ్నమైనచో వీధిలోని మోటారుల మ్రోతలో శ్రుతి వినబడదు. ఫోనులో శ్రుతిని మ్రోగించుకొని పొండు. ఒకే రకపు వాద్యములను మూడింటిని దింపించి, ఒకే స్వరమును మూడింటిమీదను వినుడు. ఒక్కదానినే చూచినచో అది యెల్లప్పుడును బాగుగనే యుండును. ప్రక్కన రెండవది మ్రోగిననే తేడా తెలియును. చెక్కడపు పనిని, రంగును చివర చూడుడు. చీటీమీద వాద్యము పేరు మాత్రమేగాక, మేళము కదలినచో ఇన్ని నెలలలో సరిచేయించి యిచ్చెదనని వానిచేత వ్రాయించుకొనుడు. నవ్వుచు వ్రాయును, కాని వ్రాయును.

ఆ బాలిక నేడు కాలేజీలో చదువుచున్నది. మా పట్టణపు అంగడివాడు క్రొత్త వీణ దిగినప్పుడెల్ల ఆమెకు కబురు పంపును. పోయి పండ్రెండవ మెట్టును రెండుమాఱులు మీటి చూచును. సరిగా లేనిదానికి చీటీ కట్టి, గొల్లపల్లి పనివాడు వచ్చువఱకు లోపలి గదిలో పెట్టింతురు. దీనికై వాడు ఆమెకు సొమ్మేమియు నీయడు. ఆమెకు కావలసిన తంత్రులను మాత్రము కొన్న ధరకే యిచ్చుచున్నాడు.